అవతారిక లేని ప్రతి

మా కోడలు తమిళ పిల్ల. పాట నేర్చుకుంది. మార్గళి వచ్చిందంటే మైలాపూరు సభల చుట్టూ తిరుగుతుంది. తెలుగు కీర్తనలు నూటికి పైగా నోటికి వచ్చు గాని తెలుగు అక్షరం ఒక్కటి రాదు. సాహిత్యమంతా తమిళ లిపిలో రాసుకుని, క, ఖ, గ, ఘల తేడా తెలియడానికి అక్షరం పక్కన చిన్న చిన్న అంకెలు వేసుకుంటుంది. కొన్నేళ్ళ క్రితం ఒక డిసెంబరు సాయంకాలం కచేరీ నుంచి వస్తూ ఒక ఇంగ్లీషు పుస్తకం కొనుక్కొచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ఇది మీ తెలుగు గొడవే అత్తా. చదివి నాకు కథ చెప్పండి" అంది.

పుస్తకం పేరు 'ది దేవదాసి అండ్ ది సెయింట్'. బెంగుళూరు నాగరత్నమ్మ గారి జీవిత చరిత్ర. రాసినవారు మద్రాసు చరిత్ర మీదా, కర్ణాటక సంగీతం మీదా విరివిగా రాసే వి. శ్రీరామ్. 2007లో అచ్చయింది. అప్పటిదాకా నేను దాన్ని చూడలేదు. బద్ధకం వల్ల చూడలేదనుకున్నాను. చదివాక ఆ మాట అనలేకపోయాను.

ముప్ఫైయొక్క ఏళ్ళు ఈ ఊళ్ళో ఒక ఆడపిల్లల కాలేజీలో తెలుగు పాఠం చెప్పినదాన్ని. దక్షిణాంధ్ర సాహిత్యం నా వంతు. రఘునాథ నాయకుడు, రామభద్రాంబ, మధురవాణి, రంగాజమ్మ, అందరి గురించీ నోట్సు ఇచ్చేదాన్ని. చివర ముద్దుపళని పేరు ఒక్క వాక్యంలో వచ్చేది. 'ప్రతాపసింహుని ఆస్థానమున నుండిన వేశ్య, రాధికా సాంత్వనము రచించెను.' అంతే. ఆ వాక్యం నాకు మా గురువుగారు ఇచ్చినది. నేను పిల్లలకిచ్చాను. గ్రాంథికం కూడా మార్చలేదు.

నాగరత్నమ్మ గారంటే నాకు తెలిసింది తిరువయ్యారు మాత్రమే. పెళ్ళయిన కొత్తలో మావారితో కలిసి ఆరాధనకు వెళ్ళాను. త్యాగరాజస్వామి సమాధికి ఎదురుగా ఒక ఆడమనిషి విగ్రహం ఉంటే, ఎవరో భక్తురాలు అన్నారాయన. నమస్కారం పెట్టి కావేరి ఒడ్డుకు పోయి పెరుగన్నం తిన్నాం.

రోజుకు పది పన్నెండు పేజీల చొప్పున చదవడం మొదలుపెట్టాను. కళ్ళు అంతకంటే ఒప్పుకోవు. పెన్సిలు పట్టుకు చదివే అలవాటు ఒకటి. మన భాషలో జీవిత చరిత్రలంటే దండకమైనా అయి ఉంటుంది, లేకపోతే తిట్టయినా అయి ఉంటుంది. ఈ పుస్తకం ఆ రెండూ కాదు. ఆవిడ దానాలు చెప్పినట్టే ఆవిడ పంతాలూ చెప్పారు. ఎవరి రక్షణలో ఎన్నాళ్ళున్నదీ, ఎవరు డబ్బిచ్చిందీ చెప్పారు. మొదటి నాలుగు రోజులూ ఆ సంగతులు వచ్చినచోట పేజీ కాస్త త్వరగా తిప్పాను. అరవై దాటిన దాన్ని, ఒంటరిగా కుర్చీలో కూర్చుని చదువుకుంటూ ఎవరు చూస్తారని తిప్పానో నాకే తెలియదు.

ఆవిడ 1878 నవంబరు 3న మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టింది. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి కులం. తండ్రి సుబ్బారావు అనే వకీలు, చేయి వదిలేశాడు. అందుకు తల్లి ఏడుస్తూ కూర్చోలేదు. పిల్లకు సంస్కృతం చెప్పించింది, కన్నడం, తెలుగు చెప్పించింది, సంగీతం చెప్పించింది. సంగీతం చెప్పిన మునుస్వామప్ప గారు వాలాజాపేట పరంపరలో వారు. అంటే త్యాగరాజస్వామి శిష్యుల శిష్యుల వరస. తల్లి త్వరగానే పోయింది. పదిహేనేళ్ళు వచ్చేసరికి పిల్ల సభల్లో పాడుతోంది. బెంగుళూరులో నరహరిరావు అనే జడ్జిగారి ఆదరణ దొరికింది. ఆ తరవాత మద్రాసు వచ్చి జార్జిటౌనులో వీణ ధనమ్మాళ్ ఇంటికి దగ్గరలో కాపురం పెట్టింది. కన్నడ దేశపు పిల్ల, తమిళ దేశంలో ఇల్లు, నోట్లో తెలుగు కీర్తన. మనలాంటి వాళ్ళమే. ఎవరైనా 'మీది ఏ ఊరు' అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పలేని రకం.

ఇంతవరకు హాయిగా సాగింది. రాధికా సాంత్వనం దగ్గరకొచ్చాక ఆగిపోయాను.

కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. తెలియనివారికోసం చెబుతాను. ముద్దుపళని తంజావూరిలో మహారాష్ట్ర ప్రభువు ప్రతాపసింహుడి కొలువులో ఉండేది. ఆయన పాలన 1739 నుంచి 1763 వరకు. ఆమె రాసిన కావ్యం నాలుగు ఆశ్వాసాలు, 584 పద్యాలు. రాధ తాను పెంచిన ఇళ అనే పిల్లను కృష్ణుడికిచ్చి స్వయంగా పెళ్ళి చేసి, తరవాత ఆ దుఃఖం ఓర్చుకోలేక కుమిలిపోతుంది. అలిగిన రాధను కృష్ణుడు బతిమాలుకోవడం సాంత్వనం. శృంగారం ఉంది, బాగానే ఉంది. కాని మన ప్రబంధాల్లో లేనిదేమీ లేదు. ఉన్న తేడా ఒక్కటే. అక్కడ కోరిక రాధది, చెప్పిన నోరు ఆడదానిది. ముద్దుపళని ఆండాళ్ తిరుప్పావైని కూడా తెలుగు చేసింది. నా నోట్సులో ఆ ముక్క ఎన్నడూ లేదు.

1887లో బ్రౌన్ దొరగారి దగ్గర పనిచేసిన వేంకటనరసు గారు దీన్ని అచ్చు వేశారు. 1907లో మళ్ళీ అచ్చయింది. నాగరత్నమ్మ గారికి తంజావూరి సాహిత్యం మీద ఏదో చదువుతూండగా ముద్దుపళని పేరు తగిలి, పుస్తకంకోసం వెతికించి, చివరకు ఒక అచ్చుప్రతి సంపాదించింది. తరవాత ఒక రాతప్రతి కూడా దొరికింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే అచ్చుప్రతిలో అవతారికే లేదు. కొన్ని పద్యాలూ లేవు. ముద్దుపళని తన ఇంటి ఆడవాళ్ళ పేర్లూ, తన చదువూ, తన కవిత్వం సంగతీ చెప్పుకున్న పద్యాలు ఆ అవతారికలోవి. శృంగారం ఉన్నందుకు కొన్ని పద్యాలు తీసేశారంటే సరే, ఆ కాలం అలాంటిది అనుకోవచ్చు. అవతారికలో ఏం శృంగారం ఉంది? మా అమ్మ ఫలానా, నేను ఫలానా అని చెప్పుకోవడంలో ఎవరి నీతి చెడుతుంది?

1910లో నాగరత్నమ్మ గారు మొత్తం కావ్యాన్ని పరిష్కరించి, పీఠిక రాసి, వావిళ్ళ వారి చేత వేయించింది. 1854 నుంచీ ఈ ఊళ్ళో తెలుగు పుస్తకాలకు అన్నం పెట్టిన అచ్చుకూటం అది. పీఠికలో ఆవిడ కందుకూరి వీరేశలింగం పంతులుగారికి సమాధానం చెప్పింది. పంతులుగారు కవుల చరిత్రలో ముద్దుపళనిని జారిణి అన్నారు. ఆడది పలకడం మాట అటుంచి వినడానికి కూడా తగని మాటలు ఆ కావ్యంలో ఉన్నాయన్నారు. సిగ్గు అనేది ఆడవాళ్ళకేనా, మగకవులకు అక్కర్లేదా అని ఆవిడ అడిగింది. తమరు స్వయంగా చూసి మెచ్చి అచ్చుకిచ్చిన 'వైజయంతీ విలాసము'లో ఉన్న వర్ణనల మాటేమిటని అడిగింది. ముప్ఫైరెండేళ్ళ మనిషి, ఆ కులంలో పుట్టిన మనిషి, తెలుగు దేశమంతా చేతులెత్తి మొక్కే పంతులుగారిని అచ్చులో నిలబెట్టి అడిగిందంటే, చదువుతున్న నాకే ఒళ్ళు జలదరించింది.

పంతులుగారంటే మా ఇంట్లో దేవుడు. మా తాతగారిది రాజమండ్రి వైపు. ఉద్యోగానికి మద్రాసు వచ్చినప్పుడు తెచ్చుకున్న సామానులో పంతులుగారి పటం ఒకటి. మా నాయనమ్మకు ఆయన పేరు చెప్పి చదువు నేర్పించారు తాతగారు. 1881లో ఊరంతా ఎదురు తిరిగితే వితంతువుకు పెళ్ళి చేయించిన మనిషి ఆయన. ఆయన లేకపోతే మా నాయనమ్మ వేలిముద్ర వేసేది, నేను పాఠం చెప్పేదాన్ని కాను. ఇప్పుడు ఎవరైనా ఆయన్ని ఒక్క మాటతో కొట్టిపారేస్తే నాకు కోపం వస్తుంది. కాని చదువుకున్న ఆడదాన్ని తయారు చేసినవారే, ఆ ఆడది ఏది చదవాలో కూడా తామే చెప్పదలిచారు. రెండూ ఒకే చేతి పనులు. అది ఒప్పుకోవడానికి నాకు ఆ పుస్తకం పక్కన పెట్టి రెండు రోజులు పట్టింది.

తరవాత అనుకున్నంతా అయింది. 'శశిలేఖ' పత్రిక, రాసినదీ ఆ కులమే, అచ్చు వేయించినదీ ఆ కులమే అన్న ధోరణిలో విరుచుకుపడింది. 1911లో ప్రభుత్వం వారి తర్జుమాదారు గోటేటి కనకరాజు పంతులుగారు పద్యాలు కొన్ని అశ్లీలమని తేల్చారు. పోలీసు కమిషనరు కన్నింగ్‌హాం హయాంలో ప్రతులు పట్టుకుపోయారు. వావిళ్ళ వారు వేసిన మరికొన్ని పాత కావ్యాల మీదా కేసు వచ్చింది. పండితులు మహజరు పెట్టుకున్నారు, ఫలితం లేదు. ఆ నిషేధం 1947లో టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉండగా పోయింది. తెలుగు హారంలో రాలిపోయిన ముత్యాలు తిరిగి గుచ్చుతున్నాననే అర్థంలో ఆయన ఏదో అన్నారని చెబుతారు. అంటే 36 ఏళ్ళు.

దీని వెనుక ఉన్న చట్టం మనది కాదు. 1857లో విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో అశ్లీల గ్రంథాల చట్టం వచ్చింది. 1868లో హిక్లిన్ కేసులో అక్కడి ప్రధాన న్యాయమూర్తి కాక్‌బర్న్ అశ్లీలానికి ఒక కొలత చెప్పాడు. పుస్తకం ఎలా ఉందన్నది కాదట చూడవలసింది. చెడిపోవడానికి అనువైన మనసున్నవాళ్ళ చేతుల్లో అది పడితే వాళ్ళు ఏమవుతారన్నది చూడాలట. మన కోర్టులూ చాలాకాలం ఆ కొలబద్దే పట్టుకున్నాయి. 1964లో సుప్రీంకోర్టు లారెన్సు నవల 'లేడీ చాటర్లీస్ లవర్' అమ్మిన పుస్తకాల కొట్టాయనకు శిక్ష ఖాయం చేసింది కూడా దానితోనే. 1890లో రిచర్డ్ బర్టన్ చనిపోయినప్పుడు, ఆయన అరబ్బీ నుంచి తర్జుమా చేసుకున్న కామశాస్త్రపు రాతప్రతిని పోలీసులు కాదు, భార్య ఇజబెల్ తానే పొయ్యిలో వేసింది. భర్త పేరు కాపాడుతున్నాననుకుంది పాపం. ఎవరి చేతుల్లో పడుతుందోనన్న భయం. ఈ భయం నాకు బాగా తెలుసు. ఇక్కడ నా సంగతి చెప్పాలి.

1983. నేను పర్మనెంటయి రెండేళ్ళు. మా కాలేజీ లైబ్రరీలో తెలుగు పుస్తకాలు రెండు వేల పైచిలుకు ఉండేవి. అందులో ఒక చిన్న గాజు బీరువాకు తాళం. కొక్కోకం, కొన్ని శతకాలు, కొన్ని ప్రబంధాలు, వావిళ్ళ వారి రాధికా సాంత్వనం అందులో ఉండేవి. ఆ తాళంచెవి తెలుగు శాఖలో ఉండేది. నా సొరుగులోనే. ఎవరో నన్ను కట్టడి చేశారని చెప్పుకుందామంటే ఆ వీలు కూడా లేదు.

బి.ఏ. రెండో సంవత్సరంలో ఒక అమ్మాయి. జార్జిటౌను నుంచి వచ్చేది. బొత్తిగా మాట్లాడేది కాదు. నేను నా ఒక్క వాక్యం చెప్పి పుస్తకం మూయబోతూంటే లేచి నిలబడింది.

"రాధికా సాంత్వనం మన లైబ్రరీలో ఉందాండీ మేడం?"

"అది పరీక్షకు రాదమ్మా."

"పరీక్షకు కాదండీ. మా అమ్మమ్మ దగ్గర ఉంది. అందులో అవతారిక లేదు. వాళ్ళమ్మ చెప్పిన రెండు పద్యాలు అమ్మమ్మకు నోటికి వచ్చు, మిగతావి కావాలంటోంది. చూసి రాసుకుంటాను."

"చిరిగిపోయి ఉంటుంది."

"చిరగలేదండీ. ఒకటో పేజీ నుంచీ ఉంది. అవతారికే లేదు."

అప్పుడు నేనన్న మాట ఇంకా నా చెవిలో ఉంది. "అలాంటి పుస్తకాలు మీ ఇంట్లో ఆడవాళ్ళు చదువుతారా?"

ఆ పిల్ల తల దించలేదు. "చదవడం కాదండీ, పాడుతుంది" అంది.

క్లాసులో ముప్ఫైమంది ఉన్నారు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత అందరూ నవ్వారు. నేను నవ్వలేదు గాని నవ్వొద్దని కూడా అనలేదు. బెల్లు కొట్టారు. ఆ అమ్మాయి మళ్ళీ ఎన్నడూ నన్ను ఏమీ అడగలేదు. పరీక్షలు రాసింది, మంచి మార్కులే వచ్చాయి, వెళ్ళిపోయింది. ఆ సాయంకాలం నేను బీరువా తెరిచి ఆ పుస్తకం తీశాను. మూడో ఆశ్వాసమో, నాలుగోదో తెరిచి నాలుగు పద్యాలు చూసి, ఇవ్వకపోవడమే మంచిదైందనుకుని మళ్ళీ పెట్టి తాళం వేశాను. మొదటి పేజీలు తిప్పలేదు. ఆ అమ్మాయి అడిగినవి ఆ పేజీలు.

శ్రీరామ్ పుస్తకంలో వేంకటనరసు గారి ముద్రణ ప్రస్తావన చదువుతుండగా, ఇన్నేళ్ళ తరవాత, ఆ పిల్ల 'చిరగలేదండీ' అన్న మాట నాకు అర్థమైంది. ఆ ఇంట్లో ఉన్నది 1887 ప్రతో, 1907 ప్రతో అయి ఉండాలి. అందులో ఆ పద్యాలు పోలేదు. అసలు వేయనేలేదు. పందొమ్మిదేళ్ళ పిల్ల, పాఠభేదమనే మాట కూడా తెలియని పిల్ల, రెండు ముద్రణల మధ్య తేడా కళ్ళతో చూసి వచ్చి తెలుగు టీచరుకు చెప్పింది. నాగరత్నమ్మ గారు పట్టుకున్న తేడా అదే. పంతులుగారన్న మాట నేనన్నాను. నాకు ఆయనంత పాండిత్యమూ లేదు, నన్ను నిలదీసి పీఠిక రాసేవాళ్ళూ లేరు.

1991లో సూసీ తారు, కె. లలిత గార్లు తెచ్చిన స్త్రీల రచనల సంకలనం ముద్దుపళని కథతోనే మొదలవుతుందని అప్పట్లో మా శాఖలో ఎవరో చెప్పారు. అది హైదరాబాదు వాళ్ళ వాదనలెమ్మని ఊరుకున్నాను. చూశారా, దారి రెండుసార్లు కనిపించింది.

పుస్తకంలో మిగతాది తిరువయ్యారు. 1921లో గురువు మునుస్వామప్ప గారి దగ్గర నుంచి సమాధి పాడుబడి ఉందని కబురు వచ్చింది. అంతకు ముందు 1903లో శిష్యులు కట్టిన చిన్న కట్టడం ముళ్ళకంపల మధ్య ఉందట. ఆవిడ నేల సంపాదించి, నగలు అమ్మి, ఆ ఏడాది అక్టోబరులో పునాది వేయించి, 1925 జనవరి 7న కుంభాభిషేకం చేయించింది. తన డబ్బుతో గుడి కట్టిన మనిషి ఆ గుడి ముందు పాడడానికి లేదు. ఆరాధన నడిపేవి రెండు కట్చీలు, పెరియ కట్చీ, చిన్న కట్చీ. రెండింటికీ మాటకు మాట పడేది కాదు గాని ఆడది పాడకూడదనే దగ్గర మాత్రం ఒక్క మాట మీద ఉండేవారు. ఆవిడ 1927లో తనవాళ్ళను కూడగట్టుకుని గుడి వెనుకవైపు వేరే ఆరాధన మొదలుపెట్టింది. మూడో కట్చీ, ఆడవాళ్ళ కట్చీ. ఎస్.వై. కృష్ణస్వామి అనే ఐ.సి.ఎస్. అధికారి పూనుకుని 1940–41లో అందరినీ కలిపేదాకా అలాగే నడిచింది. ఇప్పుడు టీవీలో పంచరత్నాల గోష్ఠిలో అంతమంది ఆడవాళ్ళను చూస్తూ కాఫీ తాగుతామా, ఆ చాప అక్కడ పరిచినది ఆవిడ.

ఆ 1927లోనే ఇంకొక సంగతి. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు శాసనసభలో దేవదాసీ ఆచారం మాన్పించే తీర్మానం తెచ్చినప్పుడు, దాన్ని ఎదిరించిన మద్రాసు దేవదాసీల సంఘానికి నాగరత్నమ్మ గారు అధ్యక్షురాలు. ఇక్కడ నాకు ఎవరి పక్షం తీసుకోవాలో తోచలేదు, ఇప్పటికీ తోచడం లేదు. ముత్తులక్ష్మి గారి తల్లీ ఆ కులంలో పుట్టినావిడే. పసిపిల్లలకు పొట్టు కట్టడం చూసిన డాక్టరు ఆవిడ. ఆవిడ తప్పని ఎలా అంటాం? కాని మా కులమంతా వేశ్యలని చట్టంలో రాయకండి, మా ఆస్తి, మా విద్య, మా పేరు ఏం చేస్తారు అని అడిగినవాళ్ళ మాటా తప్పు కాదు. చట్టం 1947లో వచ్చింది. ఆవిడ పుస్తకం మీద నిషేధం పోయిన ఏడే, ఆవిడ కులవృత్తి నేరమైంది. ఆవిడ 1952 మే 19న పోయింది. వావిళ్ళ వారు రాధికా సాంత్వనం మళ్ళీ అచ్చు వేసినదీ ఆ సంవత్సరమే. సమాధి స్వామికి ఎదురుగా. మేము నమస్కారం పెట్టి పెరుగన్నానికి పోయిన చోటు.

పుస్తకం అయిపోయాక మా కోడలికి కథంతా చెప్పాను. నా ముక్క కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. "ఆ పాటీకి పద్యాలు దొరికాయా అత్తా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు పాత కాలేజీకి పోయాను. నేను రిటైరయిన కొన్నేళ్ళకు అక్కడ తెలుగు క్లాసు ఎత్తేశారు. చేరే పిల్లలు లేరు. 2006లో బళ్ళలో తమిళం నిర్బంధం చేసిన చట్టం వచ్చాక కింది క్లాసుల నుంచే తెలుగు చదివి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. లైబ్రేరియను తమిళ అమ్మాయి, ముప్ఫై ఏళ్ళుండవు. తెలుగు పుస్తకాలు మేడమీద గదిలో కట్టలు కట్టి ఉన్నాయంది. గాజు బీరువా ఏదని అడిగితే, అందులో ఇప్పుడు ఆటల కప్పులు పెట్టారట. తాళం లేదు, పోయిందట.

కట్టల మీద చీటీలు లేవు. ఆ అమ్మాయికి తెలుగు చదవడం రాదు, నాకు వంగడం రాదు. ఆమె ఒక్కొక్క కట్టా విప్పి ఒక్కొక్క పుస్తకం నా ముఖం ముందు పెట్టడం, నేను కాదనడం. గంటన్నర పట్టింది. దొరికింది. అట్ట పోయింది, చెదలు అంచుల దాకా వచ్చి ఎందుకో ఆగాయి. వెనుక ఇష్యూ చీటీ అలాగే ఉంది, తెల్లగా. ఒక్క తేదీ ముద్ర లేదు.

"ఇందులో ఏముంది మేడం?" అని తమిళంలో అడిగింది లైబ్రేరియను.

తమిళంలోనే చెప్పాను. రాధ పెంచుకున్న పిల్ల సంగతి, పెళ్ళి సంగతి, అలిగిన సంగతి, పడకటింటి సంగతి, ఏదీ దాచలేదు. ఆమె చేతులు దులుపుకుంటూ విని, "మంచి కథే. మరి ఎందుకు పూట్టి పెట్టారు?" అంది. పూట్టి పెట్టింది నేనేనమ్మా అన్నాను. నవ్వులాటకు అన్నాననుకుంది.

పుస్తకం బయటికి ఇవ్వరు. అక్కడే బల్ల దగ్గర కూర్చుని మొదటి పేజీలు తిప్పాను. మూడు మధ్యాహ్నాలు పట్టింది. అవతారికంతా నా చేత్తో రాసుకున్నాను. ఒక ప్రతి తెలుగులో. ఇంకొకటి మా కోడలికోసం తమిళ లిపిలో, పక్కన అంకెలు వేసి. ఆమె రెండు పద్యాలకు రాగం కట్టింది. ఒకటి మోహన. ఇంకొకటి ఇంకా కుదరలేదు, మారుస్తోంది.

ఈ పత్రిక జార్జిటౌనులో కొన్ని ఇళ్ళకు వెళుతుందని తెలుసు. 1983లో నా క్లాసులో లేచి నిలబడి అడిగిన అమ్మాయి ఇప్పుడు అమ్మమ్మ వయసుకు వచ్చి ఉంటుంది. పేరు ఇక్కడ రాయను, నాకు గుర్తుంది. ఒకసారి అందరి ముందూ నిలబెట్టినది చాలు. అమ్మా, మీ అమ్మమ్మగారికి రెండు పద్యాలు వచ్చునన్నావు. మిగతావి నా దగ్గరున్నాయి. పత్రిక చిరునామాకు ఒక కార్డు రాస్తే నాకు చేరుతుంది. నీకు రావడం ఇష్టం లేకపోతే నేనే తీసుకొస్తాను.